బ్రౌజర్ నుంచి పోతున్నది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, ఎక్స్‌ఎంఎల్ కాదు

సంపాదకులు గారికి,
నమస్కారం.

ఎక్స్‌ఎంఎల్ పత్రాలను వేరే రూపంలోకి మార్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే స్టైల్‌షీట్ భాషను క్రోమ్ బ్రౌజర్ నుంచి తొలగించబోతున్నారని మీ పత్రిక సాంకేతిక పేజీలో వచ్చిన వార్త చదివాను. తొలగింపు గురించి చెప్పినంత మేరకు వార్త సరైనదే. అయితే చివరి పేరాలో దీనితో, సమాచారానికి ట్యాగులనే గుర్తులు తగిలించి రాసే ఎక్స్‌ఎంఎల్ పద్ధతికే కాలం చెల్లినట్లేనని తేల్చేసిన తీరు, ఆ ఫైళ్లతోనే పొద్దు గడిచే నా వంటి వారికి మింగుడుపడలేదు. నేను హైదరాబాదులో ఒక ఔషధ సంస్థలో రెగ్యులేటరీ పబ్లిషింగ్ పని చేస్తాను. మందుల అనుమతి కోసం విదేశీ నియంత్రణ సంస్థలకు సమర్పించే పత్రాలను, వారు కోరిన వరుసలో, వారు కోరిన రూపంలో పేర్చి పంపడం మా పని. ఈ నగరంలోనూ, విశాఖపట్నం దగ్గరి పరవాడలోనూ ఈ పని మీద బతికే కుటుంబాలు తక్కువేమీ కావు. అందువల్ల ఏది పోతోందో, ఏది ఉంటోందో కొంత వివరంగా రాయడం అవసరమనిపించింది.

ముందుగా పోయేదాని సంగతి. గూగుల్ 2025లో ప్రకటించిన కాలక్రమం ప్రకారం, 2026 నవంబరులో రావలసిన క్రోమ్ 155వ విడుదల నుంచి సాధారణ వాడకందారులకు ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ పనిచేయదు. ముందుగా నమోదు చేసుకున్న వెబ్‌సైట్లకు, ప్రత్యేక అమరిక పెట్టుకున్న సంస్థలకు మాత్రం 2027 ఆగస్టు దాకా గడువు ఇచ్చారు. ఫైర్‌ఫాక్స్, సఫారీ రూపకర్తలు కూడా ఈ ఆలోచనకు సుముఖంగానే ఉన్నారు. చూపిన ప్రధాన కారణం భద్రత. క్రోమ్, సఫారీ రెండూ ఈ పనికి లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ అనే లైబ్రరీని, అంటే ఇతర ప్రోగ్రాములు వాడుకునే సిద్ధపు కోడ్‌ను, వాడుతున్నాయి. గ్నోమ్ ప్రాజెక్టు కోసం సీ భాషలో రాసిన ఆ పాత లైబ్రరీలో మెమరీకి సంబంధించిన లోపాలు పదే పదే బయటపడ్డాయి. దాన్ని కనిపెట్టుకుని ఉన్న ఒకే ఒక్క నిర్వాహకుడు 2025లో తప్పుకున్నారు. కోట్లాది మంది కంప్యూటర్లలో నడిచే ఒక భాగం అలా దిక్కులేకుండా ఉండటం ఎంత ప్రమాదమో వేరే చెప్పనక్కరలేదు. కనుక ఈ తొలగింపును నేను తప్పుపట్టడం లేదు.

తొలగింపుకు చూపిన రెండో కారణం మాత్రం నాకు రుచించలేదు. క్రోమ్‌లో తెరిచే పేజీల్లో సుమారు 0.02 శాతం మాత్రమే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీని వాడుతున్నాయి కాబట్టి నష్టం స్వల్పమన్నారు. ఈ భాష మొదటి రూపం 1999 నవంబరు 16న వెలువడింది. 2007లో రెండో రూపం, 2017లో మూడో రూపం ప్రమాణాలుగా వచ్చాయి. బ్రౌజర్లు మాత్రం 1999 నాటి మొదటి రూపం దగ్గరే ఆగిపోయాయి. తర్వాతి రెండింటిలో ఏ ఒక్కదాన్నీ ఏ ప్రధాన బ్రౌజరూ తలకెత్తుకోలేదు. పావు శతాబ్దం పాటు చుక్క నీరు పోయకుండా వదిలేసిన చెట్టును, కాయలు కాయడం లేదు కనుక కొట్టేద్దామన్నట్టుంది ఈ వాదం. 2013లోనే క్రోమ్ బృందంలో ఇదే ప్రతిపాదన వచ్చి, అప్పటికి ఆగిపోయిందన్న విషయం కూడా మీ వార్తలో ఉంటే బాగుండేది.

ఇక ఉండిపోయేదాని సంగతి. స్టైల్‌షీట్ అనగానే అక్షరాల రంగులు, పరిమాణాలు గుర్తుకు రావడం సహజమే గాని, ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ చేసే పని అది కాదు. ఒక ఎక్స్‌ఎంఎల్ పత్రం లోపల ట్యాగులన్నీ ఒక చెట్టులా కొమ్మలు, రెమ్మలుగా అమరి ఉంటాయి. స్టైల్‌షీట్ ఆ చెట్టును చదివి, దానిలో నుంచి వేరే ఆకారంలో మరో చెట్టును నిర్మిస్తుంది. మూలపత్రం చెక్కుచెదరకుండా ఉంటుంది. ఫలానా రకం ట్యాగు ఎదురైతే దాని స్థానంలో ఇది రాయి, దాని లోపలి వాటిని ఈ వరుసలో పంపు అని చెప్పే టెంప్లేట్ల సముదాయమే స్టైల్‌షీట్. అమీర్‌పేటలో జావా నేర్చుకుని వచ్చిన పిల్లలు మొదట తడబడేది ఇక్కడే. ఇందులో చరానికి (వేరియబుల్‌కు) ఒకసారి ఇచ్చిన విలువను మళ్లీ మార్చలేము. పైనుంచి కిందికి అడుగడుగునా ఆజ్ఞలు ఇచ్చుకుంటూ పోయే అలవాటు పనికిరాదు. ఆ అలవాటు వదిలిన తర్వాత మాత్రం, పెద్ద పత్రాన్ని తిరగరాయడానికి ఇంత పొదుపైన సాధనం మరొకటి నాకు తెలియదు.

ఉదాహరణకు ఐడెంటిటీ టెంప్లేట్ అని ఒకటి ఉంది. నాలుగైదు వరుసలకు మించని ఆ టెంప్లేట్, ఎదురైన ప్రతి ట్యాగునూ, ట్యాగు లోపల రాసే అదనపు వివరమైన ప్రతి గుణాన్నీ ఉన్నదున్నట్టు నకలు చేస్తుంది. దాన్ని ఒక్కదాన్నే పెడితే పత్రం ఎలా వెళ్లిందో అలాగే తిరిగి వస్తుంది, ప్రయోజనమేమీ ఉండదు. దాని పక్కన, తయారీదారు చిరునామా ట్యాగు ఎదురైనప్పుడు మాత్రం ఇలా చేయి అని మరో చిన్న టెంప్లేట్ చేర్చితే, వందల పుటల పత్రంలో చిరునామా ఒక్కటి మారి, మిగతాదంతా అలాగే ఉంటుంది. ఒక ట్యాగును తొలగించాలంటే దానికి ఖాళీ టెంప్లేట్ రాస్తే చాలు. మార్చదలచుకున్న దాన్ని మాత్రమే రాసి, మార్చకూడని దాన్ని యంత్రం బాధ్యతకు వదిలేసే ఈ పద్ధతి మా వంటి రంగాలకు ప్రాణావసరం. ఎందుకంటే మా దగ్గర పొరపాటున మారిన ఒక్క వాక్యం కూడా నియంత్రణ సంస్థకు జవాబు చెప్పుకోవలసిన వ్యవహారమే అవుతుంది.

మా పత్రాల కట్టుబాటు పేరు ఈసీటీడీ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కొత్త మందుల దరఖాస్తులకు, జెనరిక్ దరఖాస్తులకు 2017 మే 5 నుంచి దీన్ని తప్పనిసరి చేసింది. ముడిపదార్థాల తయారీ వివరాలుండే మాస్టర్ ఫైళ్ల వంతు ఆ తర్వాత వచ్చింది. దరఖాస్తు అయిదు మాడ్యూళ్లుగా ఉంటుంది. మొదటిది ఆయా దేశాల పాలనా వివరాలు, రెండోది సారాంశాలు, మూడోది నాణ్యత, నాలుగోది జంతువులపైనా ప్రయోగశాలలోనూ జరిపిన పరీక్షలు, అయిదోది మనుషులపై పరీక్షలు. నిజానికి చదవవలసిన సరుకంతా వేల పీడీఎఫ్‌లలో ఉంటుంది. వాటిని కలిపి పట్టుకునే వెన్నెముక మాత్రం ఇండెక్స్ అనే ఎక్స్‌ఎంఎల్ ఫైలు; మొదటి మాడ్యూలుకు వేరే ప్రాంతీయ ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. వాటిలో ప్రతి పీడీఎఫ్‌కూ లీఫ్ అనే ట్యాగు ఉంటుంది. ఆ పీడీఎఫ్ ఎక్కడుంది, దాని చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసుకునే సంఖ్య) ఎంత, ఇది కొత్తదా, పాతదానికి చేర్పా, పాతదాని స్థానంలో వచ్చిందా, పాతదాన్ని రద్దు చేస్తోందా అన్న వివరాలు ఆ ట్యాగు గుణాలుగా నమోదవుతాయి.

ఇక్కడే చెట్టును తిరగకట్టే పని అసలు విలువ తెలుస్తుంది. మొదటిసారి పంపినది 0000 సీక్వెన్స్ అయితే, ఆ తర్వాత సవరణ పంపిన ప్రతిసారీ 0001, 0002 అంటూ కొత్త సీక్వెన్సులు చేరుతూ పోతాయి. కొన్నేళ్లు గడిచాక, ఈ మందు స్థిరత్వ పరీక్షల నివేదికలలో ఇప్పుడు చెల్లుబాటులో ఉన్నవి ఏవి అని ఎవరైనా అడిగితే, దానికి జవాబు ఏ ఒక్క ఫైల్లోనూ ఉండదు. అన్ని సీక్వెన్సుల ఇండెక్సులనూ ఒకేసారి తెరవాలి. స్థానమార్పిడి, రద్దు అని రాసిన లీఫులు వెనుకటి ఏ సీక్వెన్సులోని ఏ లీఫును చూపుతున్నాయో పోగుచేయాలి. అలా చూపబడిన పాత లీఫులను పక్కనపెట్టి, మిగిలినవాటిని మళ్లీ మాడ్యూళ్ల వరుసలో పేర్చాలి. కాలక్రమంలో ఉన్న చెట్లన్నిటినీ విషయక్రమంలో ఉన్న ఒకే చెట్టుగా మార్చడమన్న మాట. ఇతర ఫైళ్లను తెరిచి చదివే సదుపాయం ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మొదటి రూపంలోనే ఉంది కాబట్టి, ఇంతటి పనికి కూడా స్టైల్‌షీట్ పెద్దగా ఉండదు. ఒక జాతివాటిని ఒకచోటికి చేర్చడం మాత్రం మొదటి రూపంలో కొంత కష్టమయ్యేది. ఒరాకిల్ సంస్థలో పనిచేసిన స్టీవ్ మ్యూంచ్ కనిపెట్టిన ఉపాయాన్ని అందరూ ఆయన పేరుతోనే పిలుస్తూ వాడుకున్నారు. రెండో రూపంలో అందుకోసం ప్రత్యేకంగా ఒక సూచననే చేర్చడంతో ఆ తంటా తీరింది. ఖరీదైన వ్యూయర్ సాఫ్ట్‌వేర్ ఉన్న సంస్థలకు ఇదంతా తెర వెనుక జరిగిపోతుంది. లేనివారు ఇప్పటికీ ఎక్సెల్‌లో చేత్తో పట్టికలు రాసుకుంటున్నారంటే నేను ఆశ్చర్యపోను.

మందు లేబుళ్ల విషయమూ ఇంతే. అమెరికాలో అమ్మే మందు లేబులును ఎస్‌పీఎల్ అనే ఎక్స్‌ఎంఎల్ రూపంలో ఇవ్వాలన్న నియమం 2005 నుంచి ఉంది. ప్రతి విభాగానికీ ఒక సంకేతం ఉంటుంది. పెట్టెగట్టి ఇచ్చే తీవ్ర హెచ్చరికకు 34066-1, ఏ జబ్బుకు వాడాలో చెప్పే విభాగానికి 34067-9. సంస్థ లేబుళ్లన్నిటినీ వరుసగా చదివి, 34066-1 ఉన్న విభాగాలను మాత్రమే తీసి, మందు పేరు ప్రకారం ఒకే పట్టికగా ఇచ్చే స్టైల్‌షీట్ ఒక పూటలో రాయవచ్చు. అదే లేబుళ్లు పీడీఎఫ్‌లుగా మాత్రమే ఉంటే, ఆ పట్టిక కోసం ఒక మనిషిని కూర్చోబెట్టాలి, అతను తయారుచేసినదాన్ని సరిచూడటానికి మరో మనిషిని కూర్చోబెట్టాలి.

ఇందులో బ్రౌజర్ పాత్ర ఎంత? చాలా తక్కువ. ఈసీటీడీ ఫోల్డరు లోపల ఒక స్టైల్‌షీట్ కూడా పెట్టి పంపుతారు. ఇండెక్స్ ఫైలును బ్రౌజర్లో తెరిస్తే ట్యాగుల గందరగోళం కనిపించకుండా, నొక్కితే పీడీఎఫ్ తెరుచుకునే చక్కటి విషయసూచిక కనిపించడం దాని ఉద్దేశం. అయితే కంప్యూటర్లో ఉన్న స్థానిక ఫైలు మరో స్థానిక స్టైల్‌షీట్‌ను పిలవడాన్ని క్రోమ్ భద్రత దృష్ట్యా ఎప్పటినుంచో అడ్డుకుంటోంది. ఫైర్‌ఫాక్స్ కూడా 68వ విడుదల నుంచి అదే బాట పట్టింది. అందుకే మా రంగంలో చాలామంది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను చివరిదాకా వదలలేదు. అది 2022 జూన్‌లో విశ్రమించాక, ఎడ్జ్ బ్రౌజర్లో పాత ఎక్స్‌ప్లోరర్‌లా నడిచే ఐఈ మోడ్‌తో నెట్టుకొస్తున్నారు. ఐఈ మోడ్‌కు కనీసం 2029 దాకా మద్దతు ఉంటుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. అంటే మీ వార్త చూసి కంగారుపడిన మా సహోద్యోగులు, క్రోమ్ మార్పు వల్ల కొత్తగా కోల్పోయేది దాదాపు ఏమీ లేదు. ఎక్స్‌ఎంఎల్‌కు స్టైల్‌షీట్ జోడించి సర్వర్ మీద పెట్టి, కార్యాలయ అంతర్గత సైటులోనో బయటి సైటులోనో క్రోమ్ ద్వారా చూపిస్తున్నవారికి మాత్రం ఇబ్బంది తప్పదు. అమెరికా కాంగ్రెస్ సైటులో బిల్లుల ఎక్స్‌ఎంఎల్ ప్రతులు అలా కనిపించేవే.

అటువంటివారి కోసం గూగుల్ సూచిస్తున్న మార్గం పాలీఫిల్. బ్రౌజర్ మానేసిన పనిని పేజీతో పాటు వచ్చే స్క్రిప్టు చేసిపెడుతుంది. దానికోసం ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఒక వరుస చేర్చాలి. మామూలు సైట్లకు ఇది చాలు. ఒకసారి సమర్పించిన ఈసీటీడీ సీక్వెన్సుల విషయంలో ఇది బొత్తిగా పనికిరాదు. ఇండెక్స్ ఫైలు ఎండీ5 చెక్‌సమ్‌ను పక్కనే వేరే ఫైల్లో రాసి పంపుతాం. ఒక్క అక్షరం చేర్చినా ఆ లెక్క తప్పి, భద్రపరచిన ప్రతి సమర్పించిన ప్రతితో సరిపోలకుండా పోతుంది. ఉత్సాహం కొద్దీ ఏ ఐటీ విభాగమైనా పాత ఆర్కైవుల మీద ఈ ప్రయోగం చేయబోతే వారించవలసిన బాధ్యత రెగ్యులేటరీ వారిదే. మూల ఫోల్డరును ముట్టుకోకుండా, స్టైల్‌షీట్‌ను విడిగా నడిపి, వచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను ఫోల్డరు వెలుపల దాచుకోవడమే సరైన పద్ధతి. లిబ్‌ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో వచ్చే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే చిన్న ఆజ్ఞ ఇందుకు సరిపోతుంది. రెండు, మూడు రూపాల సదుపాయాలు కావాలంటే మైకేల్ కే రూపొందించిన సాక్సన్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది. దాని హోమ్ ఎడిషన్‌కు డబ్బు కట్టనక్కరలేదు. మన సొంత ఫైళ్ల మీద, మన సొంత స్టైల్‌షీట్‌తో, మన యంత్రంలో నడిపేటప్పుడు, ఊరూపేరూ లేని సైటు నుంచి వచ్చినదాన్ని బ్రౌజర్లో నడిపేటంతటి ప్రమాదం ఉండదు.

ఇది మందుల కంపెనీల గొడవ మాత్రమే అనుకోకుండా ఉండేందుకు మరో సంగతి. అమరావతి, నాగార్జునకొండ వంటి చోట్ల దొరికిన ప్రాచీనాంధ్ర శాసనాలను ఫ్రాన్సుకు చెందిన ఒక పరిశోధన సంస్థ ఆధ్వర్యంలో పండితులు ఎపిడాక్ అనే ఎక్స్‌ఎంఎల్ పద్ధతిలో సంకలనం చేసి అంతర్జాలంలో ఉంచారు. శాసన పాఠానికి ఎప్పుడూ రెండు రూపాలు కావాలి. రాతి మీద పంక్తి ఎక్కడ విరిగిందో, ఏ అక్షరం పెచ్చు రాలిందో యథాతథంగా చూపేది ఒకటి. విరిగిన పదాలను కలిపి, పోయిన అక్షరాలను ఊహించి పూరించి, చదువుకోవడానికి వీలుగా వాక్యాలుగా ఇచ్చేది మరొకటి. రెండు పాఠాలను విడివిడిగా టైపు చేయించి ఉంచుకుంటే, ఒకదానిలో దిద్దినది మరొకదానిలో దిద్దకుండా మిగిలిపోవడం ఖాయం. ఎపిడాక్‌లో పాఠం ఒక్కటే ఉంటుంది. పంక్తి మారిన చోట ఒక ట్యాగు, పండితుడు పూరించిన అక్షరాల చుట్టూ ఒక ట్యాగు పెడతారు. స్టైల్‌షీట్‌కు ఏ రూపం కావాలో చెబితే, ఒకసారి పంక్తుల వారీగా, మరోసారి వాక్యాల వారీగా అదే పాఠం నుంచి తీసి ఇస్తుంది. మన గ్రంథాలయాల్లోని తాళపత్రాలను, పాత పత్రికలను ఫొటోలు తీసి పీడీఎఫ్‌లుగా దాచడంతో పని అయిపోయిందనుకునే వారు ఈ తేడాను గమనించాలని నా మనవి.

తెలుగుకు సంబంధించి మెళకువలు కొన్ని ఉన్నాయి. నిఘంటువు పదాలను (ఆరోపాలను) ఎక్స్‌ఎంఎల్‌గా రాసి అకారాదిగా పేర్చమంటే, చాలా సాధనాలు యూనికోడ్ వరుసను అనుసరించి ‘ర’ పక్కన ‘ఱ’ను, ‘ల’ తర్వాత ‘ళ’ను పెడతాయి. మన వర్ణమాలలో అవి ‘హ’ తర్వాత రావలసినవి. పేర్చే సమయంలో మాత్రం ఆ రెండు అక్షరాలను ‘హ’ తర్వాత వచ్చే వేరే సంకేతాలుగా లెక్కించమని స్టైల్‌షీట్‌లో ఒక్క మాట చేర్చితే ఆరోపం పాడవకుండా వరుస సరిపడుతుంది. అధ్యాయాల సంఖ్యలు తెలుగు అంకెల్లో కావాలంటే సంఖ్యారూపంగా ‘౧’ అని ఇస్తే చాలు, ౨, ౩ అంటూ అదే కొనసాగిస్తుంది. ఈ వెసులుబాటు 1999 నాటి ప్రమాణంలోనే ఉంది.

అన్నిటికీ ఎక్స్‌ఎంఎలే కావాలని నేను వాదించడం లేదు. ఆదాయపు పన్ను శాఖ రిటర్నుల కోసం 2021-22 మదింపు సంవత్సరం నుంచి ఎక్స్‌ఎంఎల్‌ను వదిలి, సమాచారాన్ని రాసే మరో పద్ధతి అయిన జేసన్‌కు మారింది. గడులు, అంకెలు, పేర్లు మాత్రమే ఉండే సమాచారానికి అది సబబైన నిర్ణయమే. వాక్యం నడుమ ఒక పదానికి గుర్తు, ఆ పదం నడుమ ఒక అక్షరానికి మరో గుర్తు పెట్టవలసిన పత్రాలను జేసన్‌లో ఇరికించడం మాత్రం ఎవరికీ సుఖమివ్వదు. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ మూడో రూపంలో జేసన్‌ను చదివే, రాసే సదుపాయం కూడా ఉంది కనుక, ఒకదాన్ని పట్టుకుంటే రెండోదాన్ని వదులుకోవలసిన అగత్యం లేదు.

కాబట్టి సైట్లు నడిపేవారు ఈలోగా చూసుకోవలసినది ఇదీ: సర్వర్ మీది ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ల ఆరంభంలో స్టైల్‌షీట్‌ను పిలిచే వరుస ఉందా, జావాస్క్రిప్టులో ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ప్రాసెసర్ అన్న పేరు ఎక్కడైనా కనిపిస్తోందా. ఉన్నట్టయితే, ఆ మార్పిడిని సర్వర్లోనే ముందుగా జరిపి హెచ్‌టీఎంఎల్‌ను అందించే ఏర్పాటు చేసుకోవాలి. వార్తా ఫీడ్లను స్టైల్‌షీట్‌తో అలంకరించి చూపే పత్రికల సైట్లకు కూడా ఇది వర్తిస్తుంది; మీ సాంకేతిక సిబ్బంది మీ సైటును సైతం ఒకసారి పరిశీలించుకోవచ్చు. 2026 నవంబరు, 2027 ఆగస్టు గడువులను, ఈ తొలగింపు బ్రౌజర్‌కు మాత్రమే పరిమితమన్న వివరణను అదే పేజీలో ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక రెగ్యులేటరీ ఉద్యోగి,
కూకట్‌పల్లి, హైదరాబాదు